శబ్దానికి దారి చెప్పే స్క్రిప్ట్

సమావేశం మొదలయ్యే వేళకు ల్యాప్‌టాప్‌కు ప్రొజెక్టర్ కేబుల్ తగిలిస్తారు. తెర మీద వీడియో ఆడుతుంటుంది, మనుషుల పెదవులు కదులుతుంటాయి, హాలు మూలల్లో పెట్టిన స్పీకర్లు మాత్రం పలకవు. వాల్యూమ్ వందకు పెంచి చూస్తారు. మ్యూట్‌లో ఉందేమోనని చూస్తారు. స్పీకర్ పిన్ను ఊడదీసి మళ్లీ గుచ్చుతారు. చివరికి ఎవరో ఒకరు ముందుకొచ్చి, గడియారం పక్కనున్న స్పీకర్ గుర్తు నొక్కి, జాబితాలో ఇంకో పేరు ఎంచుకుంటారు. అప్పటిదాకా పలకని స్పీకర్లు ఒక్కసారిగా మోగుతాయి.

నిజానికి అక్కడ ఏదీ చెడిపోలేదు. కంప్యూటర్ అంతసేపూ శబ్దాన్ని ఆపకుండా పంపుతూనే ఉంది. పంపింది ప్రొజెక్టర్‌కు. బొమ్మ వెళ్లే హెచ్‌డీఎంఐ కేబుల్‌లోనే శబ్దం కూడా వెళ్తుంది. 2002 డిసెంబరులో ఆ ప్రమాణం తొలిసారి వెలువడినప్పటి నుంచీ దాని ఏర్పాటే అది. ప్రొజెక్టర్‌లో స్పీకర్ లేకపోవచ్చు, ఉన్నా అరచేతిలో పట్టేంత చిన్నది కావచ్చు. ఆ సంగతి కంప్యూటర్‌కు ఎలా తెలుస్తుంది?

కేబుల్ గుచ్చగానే అవతలి పరికరం తన వివరాల పట్టిక ఒకటి కంప్యూటర్‌కు అందిస్తుంది. దాన్ని ఈడీఐడీ అంటారు. అందులో మొదటి 128 బైట్లలో ఎవరు తయారు చేశారు, తెర పరిమాణం ఎంత, ఏయే రిజల్యూషన్లు చూపగలదు అన్నవి ఉంటాయి. ఆ వెనక వచ్చే అదనపు భాగంలో శబ్దం సంగతి రాసి ఉంటుంది: ఎన్ని ఛానళ్లు తీసుకుంటుంది, ఏ వేగంలో తీసుకుంటుంది అని. స్పీకరే లేని మానిటర్లు కూడా, వెనక ఒక హెడ్‌ఫోన్ సాకెట్ ఉందన్న ధైర్యంతో, శబ్దం తీసుకుంటామని ఈ పట్టికలో రాసుకుంటాయి. వాటి మాట నమ్మడం తప్ప కంప్యూటర్‌కు వేరే దారి లేదు.

హెడ్‌ఫోన్ పిన్ను సంగతీ ఇంతే. 3.5 మిల్లీమీటర్ల సాకెట్ లోపల చిన్న స్విచ్ లాంటి ఏర్పాటు ఉంటుంది. పిన్ను లోపలికి వెళ్లగానే అది స్థితి మారుతుంది, ఆడియో చిప్ ఆ వార్తను తనను నడిపే డ్రైవర్ అనే ప్రోగ్రామ్‌కు చేరవేస్తుంది. 2004లో ఇంటెల్ తెచ్చిన హై డెఫినిషన్ ఆడియో పద్ధతిలో ఈ వార్త ప్రాసెసర్ అడగకుండానే వచ్చి చేరుతుంది. ఏ పరికరం వచ్చింది, ఏది వెళ్లింది అన్న లెక్క కంప్యూటర్ దగ్గర ఇంత పక్కాగా ఉంటుంది. వినే మనిషి ఎక్కడున్నాడు, ఈ పూట ఎందులో వినాలనుకుంటున్నాడు అన్నది మాత్రం ఏ కేబులూ చెప్పదు. అందుకని కంప్యూటర్ ఊహిస్తుంది: కొత్తగా తగిలించారంటే అందులోనే వినాలనుకుంటున్నారు అని. చాలాసార్లు ఆ ఊహ నిజమవుతుంది. కానప్పుడు హాలంతా ఎదురుచూస్తుంది.

ఆ ఊహను సరిదిద్దే మాటను మనిషి ముందే రాసిపెట్టుకోవచ్చు. అలా రాసిపెట్టుకున్న నాలుగైదు వరుసల పేరే స్క్రిప్ట్. దాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు శబ్దం ఏ దారిన పోతుందో చూడాలి.

పాట వినిపించే ప్రోగ్రామ్ స్పీకర్‌తో నేరుగా మాట్లాడదు. ఎంపీ3 లాంటి కుదించిన ఫైలును విప్పి అంకెల వరసగా మారుస్తుంది. సీడీ నాణ్యతలో అయితే సెకనుకు 44,100 కొలతలు, ఎడమ చెవికి వేరుగా, కుడి చెవికి వేరుగా. ఒక్కో కొలత 16 బిట్లు. మొత్తం సెకనుకు 14,11,200 బిట్లు. సినిమాలు, వీడియోలు ఎక్కువగా సెకనుకు 48,000 కొలతలు వాడతాయి. ఈ అంకెలన్నీ ఆడియో సర్వర్ అనే మధ్యవర్తి ప్రోగ్రామ్‌కు చేరతాయి. ఒకవైపు పాట, ఇంకోవైపు మెయిల్ వచ్చిందన్న టింగుమన్న చప్పుడు, మరోవైపు బ్రౌజర్‌లో వీడియో ఒకేసారి వస్తే సర్వర్ చేసేది కూడిక. ఒకే క్షణానికి చెందిన మూడు కొలతలను కలిపితే వచ్చే మొత్తమే ఆ క్షణపు శబ్దం. గాలిలో మూడు చప్పుళ్లు కలిసినప్పుడు జరిగేదీ కూడికే కాబట్టి చెవికి తేడా తెలియదు. కలిపిన అంకెలను సర్వర్ మెమరీలో ఒక చోట పేరుస్తూ పోతుంది, ఆడియో హార్డ్‌వేర్ వాటిని ప్రాసెసర్‌ను కదిలించకుండా తనంతట తానే చదువుకుని విద్యుత్ తరంగంగా మారుస్తుంది.

డెల్టా ఊళ్లలో లస్కరు ఏ తూము తలుపు ఎత్తితే నీళ్లు ఆ బోదెలోకి పారతాయి. పైనుంచి వదిలినవాళ్లకు ఆ సంగతితో పని లేదు. ఆడియో సర్వర్ ఉద్యోగం అచ్చంగా అదే. పాట ప్రోగ్రామ్ తన అంకెలను వదిలి ఊరుకుంటుంది. "మామూలుగా ఎటు పంపుతావో అటే పంపు" అన్నదే అది సర్వర్‌తో చెప్పే మాట. ఆ 'మామూలుగా' పంపే పరికరమే డిఫాల్ట్ అవుట్‌పుట్ డివైస్. దాన్ని మారిస్తే ఒక్క ప్రోగ్రామ్‌లోనూ చేయి పెట్టకుండా శబ్దాలన్నిటి దారీ మారుతుంది.

ఈ సౌకర్యం తేలిగ్గా రాలేదు. 1981లో ఐబీఎం పీసీ వచ్చినప్పుడు దాని పెట్టెలో కుయ్‌మనే చిన్న స్పీకర్ ఒక్కటే ఉండేది, కాబట్టి ఎటు పంపాలన్న ప్రశ్నే లేదు. 1989లో సింగపూర్‌కు చెందిన క్రియేటివ్ సంస్థ సౌండ్ బ్లాస్టర్ కార్డు తెచ్చే నాటికి ప్రశ్న పుట్టింది. అప్పటి పీసీలను నడిపిన డాస్‌కు శబ్దం గురించి ఏమీ తెలియదు. ప్రతి ఆటా కార్డును తానే వెతుక్కుని తానే నడుపుకోవాలి. అందుకు వాడేవాళ్లు ఆటోఎగ్జెక్ బ్యాట్ అనే ఫైలులో ఒక వరుస ఉంచాల్సి వచ్చేది: "సెట్ బ్లాస్టర్=ఏ220 ఐ5 డీ1". కార్డు ఏ చిరునామాలో వింటోందో ఏ220 చెప్పేది, పని పడ్డప్పుడు ప్రాసెసర్‌ను ఏ తీగ మీద పిలుస్తుందో ఐ5, అంకెలను మెమరీ నుంచి ఏ ఛానల్ ద్వారా లాక్కుంటుందో డీ1. ఒక్క అంకె తప్పినా ఆట మూగబోయేది, కొన్నిసార్లు యంత్రమే బిగుసుకుపోయేది. ఒక విధంగా చూస్తే ఇదీ స్క్రిప్టే: శబ్దం ఎటు పోవాలో మనిషి తన చేత్తో రాసి, యంత్రం లేచిన ప్రతిసారీ దానికి చదివించిన మాట.

లినక్స్‌లో తొలినాళ్లలో శబ్దమంటే 'డెవ్' ఫోల్డర్‌లో ఉండే 'డీఎస్‌పీ' అనే ఒక ఫైలు. అందులోకి అంకెలు రాస్తే కార్డు మోగేది. చాలా కార్డులతో ఒక ప్రోగ్రామ్ ఆ ఫైలును తెరిచిందంటే అది మూసేదాకా ఇంకో ప్రోగ్రామ్‌కు తలుపు తెరుచుకునేది కాదు. పాట వింటుంటే మరో చప్పుడు రాదు. 1998లో చెక్ దేశస్థుడు యారోస్లావ్ కిసెలా మొదలుపెట్టిన ఆల్సా ఈ పాత పద్ధతిని తిరగరాసింది. 2003 డిసెంబరులో వచ్చిన 2.6 కెర్నెల్‌తో, అంటే ఆ వ్యవస్థ మూలభాగపు కొత్త విడుదలతో, అదే లినక్స్ ప్రామాణిక ఆడియో వ్యవస్థగా నిలబడింది. అయినా డిఫాల్ట్ పరికరం మార్చాలంటే ఒక సెట్టింగుల ఫైలు తిరగరాసి, ప్రోగ్రామ్‌ను మూసి మళ్లీ తెరవాల్సిందే.

అసలు మలుపు 2004లో లెనార్ట్ పోటరింగ్ మొదలుపెట్టిన పనితో వచ్చింది. మొదట్లో దాని పేరు పాలిప్ ఆడియో, తర్వాత పల్స్ ఆడియో. 2007లో ఫెడోరా 8, మరుసటి ఏడు ఉబుంటు 8.04 అనే లినక్స్ పంపిణీలు దాన్ని అందరి యంత్రాల్లోకీ తెచ్చాయి. మొదటి ఒకటి రెండేళ్లు తిట్లు బాగానే తింది: పాట తెగిపోతోందని, శబ్దం ఆలస్యంగా వస్తోందని. కొన్నింట్లో తప్పు దానిది, కొన్నింట్లో అంతకాలం లోపాలు బయటపడని డ్రైవర్లది. ఆ గొడవలో మరుగున పడిన గొప్ప సంగతి ఒకటుంది. శబ్ద ప్రవాహాన్నీ అది చేరే పరికరాన్నీ పల్స్ ఆడియో విడదీసింది. పల్లవి స్పీకర్‌లో మొదలై చరణం హెడ్‌సెట్‌లో సాగవచ్చు. పాడుతున్న ప్రోగ్రామ్‌కు ఆ మార్పు తెలియనే తెలియదు. ఇప్పుడు చాలా పంపిణీల్లో దాని స్థానంలోకి రెడ్ హ్యాట్‌లో పనిచేసే విమ్ టైమన్స్ రూపొందించిన పైప్‌వైర్ వచ్చింది. ఫెడోరా దాన్ని 2021లో, 34వ విడుదలతో, ఆడియోకు డిఫాల్ట్ చేసింది. పైప్‌వైర్‌కు పాత పల్స్ ఆడియో భాష కూడా వచ్చు. పదేళ్ల కిందట రాసుకున్న స్క్రిప్ట్ దాని మీద ఈనాటికీ పనిచేయడానికి కారణం ఆ మర్యాదే.

ఇక స్క్రిప్ట్ దగ్గరికి వద్దాం. లినక్స్‌లో టెర్మినల్ తెరిచి, పల్స్ ఆడియోకు ఆదేశాలిచ్చే ప్యాక్‌టీఎల్ అనే పనిముట్టుతో "ప్యాక్‌టీఎల్ లిస్ట్ షార్ట్ సింక్స్" అని కొడితే శబ్దం చేరగల చోట్లన్నీ, అంటే సింకులు, వరుసగా కనిపిస్తాయి. ఒక్కో వరుసలో ఒక సంఖ్య, ఒక పొడుగాటి పేరు, ఎన్ని ఛానళ్లు, ఏ వేగం, చివర్న ప్రస్తుత స్థితి ఉంటాయి. అప్పుడు పాట మోగుతున్న పరికరం ఎదురుగా 'రన్నింగ్' అని, వాడక పడుకోబెట్టిన దాని ఎదురుగా 'సస్పెండెడ్' అని ఉంటుంది. పొడుగాటి పేరు చదవడం నేర్చుకుంటే చాలా సంగతులు చెబుతుంది. ఇంటెల్ ల్యాప్‌టాప్‌లో అది తరచూ 'ఆల్సా అవుట్‌పుట్' అని మొదలై, మధ్యలో ఆ చిప్ కూర్చున్న పీసీఐ చిరునామా 00, 1ఎఫ్, 3 అన్న గుర్తులతో వచ్చి, 'అనలాగ్ స్టీరియో' అని ముగుస్తుంది. బ్లూటూత్ హెడ్‌సెట్ పేరులో దాని 48 బిట్ల చిరునామా ఉంటుంది. యూఎస్‌బీ స్పీకర్ అయితే తయారీదారు పేరు, చాలాసార్లు సీరియల్ నంబరుతో సహా.

రెండు పరికరాల మధ్య అటూ ఇటూ మార్చే స్క్రిప్ట్‌కు మూడే అడుగులు. తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది:

ఇప్పటిది = ప్యాక్‌టీఎల్ గెట్-డిఫాల్ట్-సింక్ ఇచ్చిన జవాబు
ఇప్పటిది స్పీకర్ అయితే, కొత్తది = హెడ్‌సెట్; కాకపోతే, కొత్తది = స్పీకర్
ప్యాక్‌టీఎల్ సెట్-డిఫాల్ట్-సింక్ కొత్తది

ఇంతే. దీన్ని ఫైలుగా దాచుకుని, కీబోర్డ్ సెట్టింగుల్లో ఒక మీటకు తగిలిస్తే, మీట నొక్కిన ప్రతిసారీ శబ్దం ఇటునుంచి అటు దూకుతుంది. ప్రోగ్రామింగ్ ఎన్నడూ చేయనివాళ్లు కూడా ఒక పూటలో రాసుకోగలరు. రాసుకోవాలి కూడా. సొంత యంత్రం మీద ఇంత సూటిగా పట్టు దొరికే సందర్భాలు తక్కువ.

కొత్తగా రాసేవాళ్లు పడే గోతులు మాత్రం కొన్ని ఉన్నాయి. మొదటిది ఆ జాబితాలోని సంఖ్య. పేరు పొడుగ్గా ఉందని సంఖ్యను స్క్రిప్ట్‌లో రాసుకుంటారు. ఆ పూట చక్కగా పనిచేస్తుంది. హెడ్‌సెట్ ఒకసారి తీసి పెట్టినా, యంత్రం ఆపి వేసినా ఆ సంఖ్య వేరే పరికరానికి పోవచ్చు, ఎవరికీ చెందకపోవచ్చు. పేరు అలా కాదు. పరికరం ఎక్కడ అమరి ఉంది, దాని చిరునామా ఏమిటి అన్నవాటి నుంచి పుట్టింది కాబట్టి నిలకడగా ఉంటుంది. పేరే రాయాలి.

రెండోది, అప్పటికే మోగుతున్న పాట. పల్స్ ఆడియో పాత వెర్షన్లలో డిఫాల్ట్ మార్చితే కొత్తగా మొదలయ్యే శబ్దాలే కొత్త పరికరానికి వెళ్లేవి. నడుస్తున్న పాట పాత చోటే నడిచేది. అందుకని స్క్రిప్ట్ చివర 'మూవ్-సింక్-ఇన్‌పుట్' అనే ఆదేశంతో ఒక్కో ప్రవాహాన్నీ తీసి కొత్త చోట పెట్టే చిన్న లూప్ రాసేవారు. తర్వాతి వెర్షన్లలో ప్రవాహాలు డిఫాల్ట్ వెంట వాటంతట అవే వెళ్తున్నాయి. అయినా ఒక మొండి ప్రవాహం మిగులుతూ ఉంటుంది. ఏదో ఒక రోజు వాల్యూమ్ కిటికీలో బ్రౌజర్‌ను చేత్తో హెచ్‌డీఎంఐకి మార్చి ఉంటే, సర్వర్ ఆ ఇష్టాన్ని గుర్తుపెట్టుకుంటుంది. నెల తర్వాత స్క్రిప్ట్ ఎన్నిసార్లు నడిపినా బ్రౌజర్ మాత్రం కదలదు. మనిషి ఫలానా ప్రోగ్రామ్ గురించి విడిగా చెప్పిన మాటకు అందరికీ కలిపి చెప్పిన మాటకన్నా ఎక్కువ విలువ ఇవ్వడం సరైన పద్ధతే. ఆ సంగతి తెలియనివాళ్లు స్క్రిప్ట్‌ను అనుమానిస్తారు. లూప్ ఉంచుకుంటే ఈ బెడద కూడా తీరుతుంది.

ప్రవాహాన్ని ఒక పరికరం నుంచి ఇంకోదానికి మార్చే ఆ క్షణంలో లోపల జరిగేది చూడదగ్గది. పైప్‌వైర్ మామూలుగా 1,024 కొలతల ముద్దలుగా పనిచేస్తుంది; సెకనుకు 48,000 చొప్పున అది 21 మిల్లీసెకన్ల శబ్దం. ప్రతి ముద్దనూ అడిగేది పరికరమే, దాని లోపలి స్ఫటిక గడియారం టిక్కుమన్న వేగంతో. ఏ రెండు స్ఫటికాలూ సరిగ్గా ఒకే వేగంతో నడవవు. రెంటి మధ్య పది లక్షలకు 50 వంతుల తేడా ఉందనుకుందాం. సెకనుకు 2.4 కొలతలే అది. గంట గడిచేసరికి 8,640 కొలతలు, అంటే 0.18 సెకను. ఒకే పాటను రెండు పరికరాల్లో ఒకేసారి వినిపించాలని చూసినవాళ్లకు కాసేపటికి ప్రతిధ్వని లాంటిది వినిపించడానికి కారణం ఇదే. దాన్ని ఆపడానికి సర్వర్ ఒకవైపు కొలతలను ఎప్పటికప్పుడు కాస్త సాగదీస్తూ, కాస్త కుదిస్తూ ఉండాలి. దారి మార్చినప్పుడు ఈ తలనొప్పి లేదు. పాత గడియారం చేయి వదిలి కొత్త గడియారం చేయి పట్టుకుంటుంది, మధ్యలో చిన్న తెగుడు వినిపిస్తే వినిపిస్తుంది.

మ్యాక్‌లో పని తేలిక. ఆపిల్ కోర్ ఆడియోలో డిఫాల్ట్ అవుట్‌పుట్ అన్నది అందరికీ తెరిచి ఉంచిన ఒక విలువ. ఏ ప్రోగ్రామ్ అయినా చదవచ్చు, మార్చవచ్చు. పాటలకు ఒకటి, హెచ్చరిక చప్పుళ్లకు ఒకటి అని రెండు విడి విలువలున్నాయి. ఆ విలువను టెర్మినల్ నుంచి మార్చే స్విచ్ ఆడియో సోర్స్ అనే చిన్న ఉచిత పనిముట్టు ఉంది. దానికి పరికరం పేరు ఇస్తే చాలు. ఇంతకు మించి చెప్పాల్సింది లేదు.

విండోస్ కథ వేరు.

2007 జనవరిలో మార్కెట్లోకి వచ్చిన విస్టాలో మైక్రోసాఫ్ట్ శబ్ద వ్యవస్థను పునాదుల నుంచి తిరగరాసింది. అంతకుముందు కెర్నెల్ లోపల జరిగే కలపడం, దిద్దడం లాంటి పనిలో పెద్ద భాగాన్ని బయటికి, మామూలు ప్రోగ్రామ్‌లు నడిచే చోటికి తెచ్చారు. డిఫాల్ట్ పరికరానికి మూడు పాత్రలు పెట్టారు: ఆటలు, సిస్టమ్ చప్పుళ్లకు ఒకటి, పాటలు, సినిమాలకు ఒకటి, మాట్లాడుకోవడానికి ఒకటి. బయటికి కనిపించేవి రెండే: డిఫాల్ట్ డివైస్, డిఫాల్ట్ కమ్యూనికేషన్స్ డివైస్. ఇది ముందుచూపున్న ఆలోచన. డల్లాస్‌లో ఉన్న కూతురితో వీడియో కాల్ హెడ్‌సెట్‌లో, టీవీ పాట గది స్పీకర్లలో, ఒకదానికొకటి అడ్డం రాకుండా నడవడం దీనితో తేలికైంది.

ప్రోగ్రామర్లకు ఇచ్చిన తలుపుల జాబితాలో మాత్రం ఒక లోటు ఉంది. డిఫాల్ట్ పరికరం ఏదో అడిగి తెలుసుకోవడానికి పద్ధతి ఉంది. ఉన్న పరికరాలన్నీ లెక్కపెట్టడానికి ఉంది. డిఫాల్ట్ మారితే కబురు అందుకోవడానికి ఉంది. మార్చడానికి మాత్రం అధికారికంగా ప్రకటించిన పద్ధతి లేదు. ఈ నిర్ణయం వెనక తర్కం బలహీనమైందేమీ కాదు. డిఫాల్ట్ అంటే మనిషి ఇష్టం. మార్చే తలుపు తెరిచిపెడితే ప్రతి ఆటా, ప్రతి కాలింగ్ ప్రోగ్రామూ తనకు అనువైన పరికరాన్ని డిఫాల్ట్ చేసి పోతుంది. రోజు గడిచేసరికి శబ్దం ఎక్కడుందో ఎవరికీ తెలియని స్థితి వస్తుంది.

తర్కం ప్రోగ్రామ్‌ల దాకా సరే. తన యంత్రంలో, తన చేత్తో రాసుకున్న స్క్రిప్ట్‌ను కూడా అదే గాటన కట్టడం సరికాదు. ఆ స్క్రిప్ట్ ఎవరో కంపెనీ చొరబాటు కాదు, ఆ మనిషి ఇష్టానికే రాతరూపం. ఎవరి ఇష్టాన్ని కాపాడాలని తలుపు వేశారో వాళ్లనే అది బయట నిలబెట్టింది. అడిగి, మనిషి చేత అవుననిపించుకుని మార్చే ఒక అధికారిక ఆదేశం ఉండి ఉంటే రెండు అవసరాలూ తీరేవి.

జనం ఊరుకోలేదు. విండోస్ సొంత సౌండ్ కిటికీలో డిఫాల్ట్ మార్చినప్పుడు అది లోపల ఏదో ఒకదాన్ని పిలవాలి కదా అని కొందరు దాన్ని విప్పి చూశారు. 'ఐ పాలసీ కాన్ఫిగ్' అనే ఇంటర్‌ఫేస్ బయటపడింది. ఏ పత్రాల్లోనూ దాని వివరణ లేదు. అందులో 'సెట్ డిఫాల్ట్ ఎండ్‌పాయింట్' అనే ఆదేశానికి పరికరం గుర్తింపు, పాత్ర సంఖ్య ఇస్తే పని జరిగిపోతుంది. ఇప్పుడు విండోస్‌లో దొరికే శబ్దం మార్పిడి పనిముట్లలో చాలావాటి అడుగున ఉన్నది ఇదే. విండోస్ ఆదేశాల కిటికీ అయిన పవర్‌షెల్‌లో ఆడియో డివైస్ సీఎమ్‌డీలెట్స్ అనే ఉచిత మాడ్యూల్ చేర్చుకుంటే "గెట్-ఆడియోడివైస్ -లిస్ట్" అన్న ఆదేశం పరికరాలన్నీ చూపిస్తుంది, "సెట్-ఆడియోడివైస్" మారుస్తుంది. నిర్‌సాఫ్ట్ వారి నిర్‌సీఎమ్‌డీ అనే బుల్లి ప్రోగ్రామ్ అయితే బ్యాచ్ ఫైలులో ఒక్క వరుసతో అదే పని చేస్తుంది. దానికి పేరు పక్కన పాత్ర సంఖ్య కూడా ఇవ్వాలి. పాటలకు 1, మాటలకు 2. ఒకటే ఇచ్చి రెండోది మరిచిపోతే పాట హెడ్‌సెట్‌లోకి వచ్చినా కాల్ మాత్రం గది స్పీకర్లలోనే మోగుతుంది. ప్రకటించని తలుపు కాబట్టి రేపు ఏ అప్‌డేట్‌తోనైనా మూసుకుపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంది. విండోస్ 11 దాకా మాత్రం నిలిచింది. స్క్రిప్ట్ జోలికి పోనివాళ్ల కోసం ఇటీవలి విండోస్ 11లో విండోస్, కంట్రోల్, వీ మీటలు కలిపి నొక్కితే పరికరాల జాబితా తెరుచుకుంటుంది.

బ్లూటూత్ హెడ్‌సెట్ దగ్గర ఏ వ్యవస్థలోనైనా ఒక చిక్కు ఎదురవుతుంది. డిఫాల్ట్ సరిగ్గానే మారుతుంది, శబ్దం హెడ్‌సెట్‌లోకే వస్తుంది, కానీ పాత ఫోన్ లైన్‌లో వింటున్నట్టు ఉంటుంది. మార్గం మారడంలో తప్పు లేదు, ప్రొఫైల్ మారింది. పాటలు వినే ఏ2డీపీ ప్రొఫైల్ ఒకవైపే నడుస్తుంది. మామూలు ఎస్‌బీసీ కోడెక్‌తో సెకనుకు దాదాపు 328 కిలోబిట్ల దాకా ఇస్తుంది. మైకు కావాలంటే కాల్స్ కోసం పెట్టిన ఇంకో ప్రొఫైల్‌కు మారాలి. అందులో పాత పద్ధతి సెకనుకు 8,000 కొలతలు, మెరుగైన పద్ధతి 16,000. వీణ మీటుతో పుట్టే సన్నని అనుస్వరాలు ఆ ఇరుకులో పట్టవు. మీటింగ్ ప్రోగ్రామ్ ఒకటి వెనక మైకును పట్టుకుని కూర్చుంటే చాలు, పాట నాణ్యత పడిపోతుంది. స్క్రిప్ట్‌లో 'సెట్-కార్డ్-ప్రొఫైల్' అనే వరుస ఒకటి చేర్చి, హెడ్‌సెట్‌కు మారేటప్పుడే ఏ2డీపీ కోరుకుని, మైకు కోసం ల్యాప్‌టాప్‌లో ఉన్నదాన్ని డిఫాల్ట్ సోర్స్‌గా పెట్టుకుంటే రెండూ దక్కుతాయి. చెవికి సంగీతం, అవతలివాళ్లకు మాట.

శబ్దం దారిని ఇలా మార్చుకోవడం చూపున్నవాళ్లకు సౌకర్యం. చూపు లేనివాళ్లకు అది యంత్రాన్ని వాడగలగడమా, వాడలేకపోవడమా అన్న ప్రశ్న. స్క్రీన్ రీడర్‌తో కంప్యూటర్ నడిపే మనిషికి శబ్దమే తెర. ఆఫీసులో ఎవరో మానిటర్ కేబుల్ తగిలించగానే శబ్దం స్పీకర్ లేని మానిటర్‌లోకి వెళ్లిపోతే, ఆ ఉద్యోగి ముందు తెర పూర్తిగా ఆరిపోయినట్టే. సరిదిద్దాలంటే సెట్టింగులు తెరవాలి, జాబితా చదవాలి. ఆ జాబితా చదివి వినిపించాల్సిన గొంతే ఇప్పుడు వినపడని చోట ఉంది.

ఈ సమస్యను స్క్రీన్ రీడర్లు రాసేవాళ్లు తమ అనుభవంతోనే ఎరుగుదురు. 2006లో ఆస్ట్రేలియాలో మైఖేల్ కరన్ మొదలుపెట్టి, తర్వాత జేమ్స్ టేతో కలిసి పెంచిన ఎన్‌వీడీఏ విండోస్‌కు ఉచితంగా దొరికే స్క్రీన్ రీడర్. వాళ్లిద్దరికీ చూపు లేదు. ఎన్‌వీడీఏ సెట్టింగుల్లో తన గొంతు ఏ పరికరంలో వినిపించాలో డిఫాల్ట్‌తో సంబంధం లేకుండా విడిగా ఎంచుకోవచ్చు. పాఠం చెప్పే చూపులేని ఉపాధ్యాయురాలు దీన్నే వాడుకుని, స్క్రీన్ రీడర్ మాటలు తన చెవిలోని ఇయర్‌ఫోన్‌లోకి, వీడియో శబ్దం తరగతి స్పీకర్లలోకి పంపగలదు. పిల్లలకు ఆమె మెనూలు వినపడవు, ఆమెకు పాఠం మధ్యలో అడ్డం ఉండదు.

లినక్స్‌లో ఓర్కా స్క్రీన్ రీడర్ వాడేవాళ్లకు పైన చెప్పిన స్క్రిప్ట్ ఇంకో రూపంలో అక్కరకొస్తుంది. రెండు పరికరాల మధ్య దూకే స్క్రిప్ట్ వాళ్లకు చాలదు, ఎందుకంటే శబ్దం ఆ రెండూ కాని మూడోచోట చిక్కుకుని ఉండవచ్చు. సింకుల జాబితా తీసుకుని, ప్రస్తుతం ఉన్నదాని తర్వాతది ఎంచి, చివరికి చేరితే మళ్లీ మొదటికి వచ్చేలా రాయాలి. మీట నొక్కుతూ పోతే ఏదో ఒక నొక్కుకు గొంతు తిరిగి వచ్చి తీరుతుంది. మారిన ప్రతిసారీ ఎక్కడికి మారిందో స్క్రిప్టే పలికితే ఇంకా మేలు. అందుకు ఈ-స్పీక్ ఎన్‌జీ అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్ సరిపోతుంది. దానికి తెలుగు వచ్చు. 'టీఈ' అన్న రెండక్షరాల భాషా గుర్తు ఇచ్చి తెలుగు లిపిలో 'గది స్పీకర్', 'హెడ్‌సెట్', 'మానిటర్' అని రాసి ఇస్తే, కొత్త పరికరంలోనే ఆ పేరు పలుకుతుంది. గొంతు యంత్రంలా ఉంటుంది, కానీ మాట స్పష్టం. పలికించే పేరుకు ముందు, పోయినా ఫర్వాలేని ఒక మాట చేర్చడం మరవకూడదు. పడుకున్న బ్లూటూత్ పరికరాలు, హెచ్‌డీఎంఐ తెరలు లేచేటప్పుడు మొదటి శబ్దపు తునకను మింగేస్తాయి. ఆ మాట చేర్చకపోతే 'హెడ్‌సెట్' అన్న పేరులో 'సెట్' ఒక్కటే వినిపించవచ్చు.